నలభైకి సంతకం, ఇరవైకి జీతం

చిన్నపిల్లల బడిలో పంతులమ్మలుగా చేరబోయే అమ్మాయిలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. పాటలు అడుగుతారు, ఆటలు అడుగుతారు, ఏడ్చే పిల్లను ఎట్లా ఊరుకోబెట్టాలని అడుగుతారు. జీతం సంగతి మాత్రం ఒక్కరూ అడగరు. అడగాలంటే సిగ్గు. ఆ సిగ్గు సంగతి నాకు బాగా తెలుసు. దాన్ని నేనూ రెండేళ్ళు మెళ్ళో నగలాగా వేసుకుని తిరిగాను. దానివల్ల నాలుగేళ్ళ పిల్ల ఒకతి ఎనిమిది నెలలు గదిలో ఒంటరిగా కూర్చుంది. అందుకే పాటలూ ఆటలూ తర్వాత చెప్తాను, ముందు జీతం గురించి రాస్తాను.

ప్రమోషన్ల గురించి రాయడానికి ఏమీ లేదు. మా పనిలో ప్రమోషన్ అంటే పెద్దపిల్లల క్లాసుకు పోవడమే. నేను పోలేదు. ముప్పై ఏళ్ళూ ముక్కులు తుడుస్తూనే రిటైరయ్యాను.

బాపు పెట్టిన షరతు

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు నేను పనిలో చేరాను. నాకప్పుడు పంతొమ్మిది. మెట్రిక్ పాసై ఇంట్లో కూర్చుని అమ్మ ప్రాణం తీస్తున్నాను. మా ఇల్లు నాంపల్లి స్టేషన్ వెనక సందులో. బాపు, అంటే మా నాన్న, సర్కారు కచేరీలో గుమాస్తా. షేర్వానీ గుండీలన్నీ పెట్టుకోకుండా గడప దాటేవాడు కాదు.

ఆబిడ్స్‌లో ఉండే కమలాబాయి గారని ఒక వకీలు భార్య, మా ఇంటికి దగ్గరలోనే ఒక పాత దేవిడీలో, అంటే నవాబుల కాలపు పెద్ద ఇంట్లో, రెండు గదులు కిరాయికి తీసుకుని చిన్నపిల్లల బడి పెట్టింది. చాపలు, చెక్కబొమ్మలు, వాకిట్లో ఇసుక, ఒక జామచెట్టు. ఆ చెక్కబొమ్మలు చేయించడానికి ఆమె తన రెండు గాజులు అమ్ముకుందని తర్వాత తెలిసింది. ముందే చెప్తున్నాను, ఈ కథలో ఆమె చెడ్డమనిషి కాదు. చెడ్డమనిషి అయ్యుంటే నా పని సులువయ్యేది.

ఆమె వచ్చి, నన్ను పంతులమ్మగా పంపమని బాపును అడిగింది. మూడోనాడు అమ్మతో అన్నాడు.

"బడికి పోతె పోనియ్యి. గని తన్ఖా తీస్కునుడు మన ఇంట్ల లేదు. బిడ్డ సంపాదన మీద బతుకుతున్నడంటరు నన్ను."

తన్ఖా అంటే జీతం. మా హైదరాబాదు ఇళ్ళలో అప్పుడు అదే మాట. మగవాళ్ళు తెస్తే అది మర్యాద, ఆడపిల్ల తెస్తే తలవంపు. కమలాబాయి గారు దీనికో దారి చూపించింది. బడి రిజిస్టరులో నా జీతం నలభై రూపాయలు, హాలీ సిక్కాలో, అంటే నిజాం రూపాయల్లో. కల్దార్‌లో, అంటే ఇండియా రూపాయల్లో అయితే ముప్పై నాలుగూ చిల్లర. నలభైకి సంతకం పెట్టి, నాకు తోచినంత బడికి చందాగా ఇచ్చేయాలి. మొత్తం ఇచ్చేయమన్నాడు బాపు. నేను ఇరవై ఇచ్చి, ఇరవై ఉంచుకున్నాను. సుల్తాన్ బజార్ కిటికీల్లో వేలాడే చీరలు చూశాక అంత త్యాగం నావల్ల కాలేదు.

అయినా ఆ సగం త్యాగానికే ఎంత పేరొచ్చిందో! వార్షికోత్సవంలో కమలాబాయి గారు నన్ను లేపి నిలబెట్టి, "ఈ అమ్మాయి జీతం కోసం పనిచేస్తలేదు" అని అందరికీ చెప్పింది. చప్పట్లు కొట్టారు. నేను తల వంచుకుని, నన్ను చూసి నేనే మురిసిపోయాను.

పదకొండు గంటలకు కరిచే పిల్లవాడు

రెండో ఏడు బడికి ఇంకో పంతులమ్మగా అనసూయక్క వచ్చింది. వరంగల్ దిక్కు మనిషి, నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. భర్త ఒక జాగీర్ కచేరీలో రాతకోతలు చూసేవాడట. జాగీర్లు రద్దయ్యాక కచేరీ మూసేశారు, ఆయన పని వెతుక్కుంటూ షోలాపూర్ మిల్లుకు పోయాడు. పైసలు పంపిన నెల పంపినట్టు, పంపని నెల లేనట్టు. ఈమె అఫ్జల్‌గంజ్‌లో ఒక గదిలో ఉండేది. ఇంతవరకే చెప్పింది. నేనూ అంతకంటే అడగలేదు.

నేను చూసినవాళ్ళలో పసిపిల్లల మనసు అందరికంటే బాగా తెలిసిన మనిషి ఆమె. ఆ రోజుల్లో మా బడిలో పిల్లలు నాలుగు భాషల్లో ఏడ్చేవాళ్ళు, తెలుగు, ఉర్దూ, మరాఠీ, మార్వాడీ. నేను నాలుగు భాషల్లోనూ "ఏడవకు" అనేదాన్ని. ఆమె ఎన్నడూ ఆ మాట అనలేదు. పక్కన కూలబడి, "ఏడ్సుకో బిడ్డా. అయిపోయినంక చెప్పు. నేను గీడనే ఉంట" అనేది. ఏ పిల్లయినా ఎంతసేపని ఏడుస్తుంది?

కోఠిలో బట్టల దుకాణం మార్వాడీ వాళ్ళ పిల్లవాడు గిరిధర్ అని ఉండేవాడు. బూరె బుగ్గలు, ముద్దొచ్చే మొహం, కానీ కరిచేవాడు. మామూలుగా కాదు, పళ్ళు దిగేటట్టు. నేను కోప్పడ్డాను, మూలన నిలబెట్టాను. ఒకనాడు విమల అనే పిల్ల చెయ్యి రక్తం వచ్చేట్టు కరిస్తే, నా కోపం నషాళానికంటి వాడి నోటికి రుమాలు కట్టాను. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నా చేతులు నాకు నచ్చడం లేదు. వాడు ఏడవలేదు. రుమాలు పైనుంచి నన్ను చూస్తూ నిలబడ్డాడు.

అనసూయక్క వచ్చి, నన్ను ఒక్క మాట అనకుండా ముడి విప్పింది. వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని నాతో మెల్లగా అంది.

"సుశీలమ్మా, వీడు ఎప్పుడు కరుస్తడో చూసిన్రా?"

"ఎప్పుడంటే అప్పుడే కరుస్తడు."

"కాదు. పదకొండు గొట్టంగనే కరుస్తడు. నేను వారం సంది చూస్తున్న. వాళ్ళింట్ల పొద్దుగాల ఎవరు లేస్తలేరు, వీనికి తిండి పెడ్తలేరు. ఆకలైతుంది పోరనికి. చెప్పెటందుకు మన మాట రాదాయె."

మర్నాటి నుంచి పదిన్నరకు వాడికో రొట్టె ముక్క. కరవడం ఆగిపోయింది. తర్వాత ఆ రొట్టె ముక్క అందరికీ మొదలైంది.

మన పని ఏమిటని ఎవరైనా అడిగితే ఇదే చెప్తాను. వారం రోజులు ఒక పిల్లవాడిని చూసి, వాడి కోపానికి ఒక గంట ఉందని కనిపెట్టడం. చూసేవాళ్ళకు అది పనిలా కనబడదు. ఊరికే కూర్చున్నట్టుంటుంది. తల్లులు ఇంట్లో ఒక్క పైసా తీసుకోకుండా చేసేదే కదా అంటారు. ఔ, చేస్తారు. తల్లులు వంట కూడా ఒక్క పైసా తీసుకోకుండానే చేస్తారు, అయినా వంటమనిషికి జీతం ఇవ్వమా?

ఆ చలికాలం వార్షికోత్సవంలో మళ్ళీ నన్ను లేపి నిలబెట్టారు. మళ్ళీ చప్పట్లు. కమలాబాయి గారు నవ్వుతూ అనసూయక్క వైపు చూసి, "మన కొత్త టీచరమ్మ గూడ గిట్లనే మంచి మనసున్న మనిషి" అంది. ఏమీ అడగలేదు, అంతే అంది. ఆ నెల నుంచి అనసూయక్క కూడా నలభైకి సంతకం పెట్టి పది రూపాయలు చందా ఇవ్వసాగింది. నాకు సంతోషమేసింది. నా దారిలో ఇంకొకరు నడుస్తున్నారనుకున్నాను.

అఫ్జల్‌గంజ్ గది

వానాకాలంలో ఒకరోజు పొద్దున అనసూయక్కకు జ్వరం. పిల్లలకు పాట చెప్తూ చెప్తూ గోడకు ఒరిగిపోయింది. ఒళ్ళు కాలిపోతోంది. పిల్లల్ని కమలాబాయి గారికీ ఆయా నర్సమ్మకూ అప్పగించి, ఆమెను రిక్షా ఎక్కించి నేనూ ఎక్కాను. ఆమె దారంతా ఒకటే గొణుగుడు.

"మీరు బడికి పోండి సుశీలమ్మా. నేను పోత. నాకేం గాలే."

ధాన్యం దుకాణాల వెనక సందులో వరసగా గదులు. చివరి గది తలుపుకు బయట గొళ్ళెం, గొళ్ళేనికి తాళం. అనసూయక్క చేతిలోంచి తాళంచెవి జారి కింద పడింది. నేను తీయబోతూ ఆగిపోయాను. లోపలి నుంచి ఒక చిన్న గొంతు వినబడింది.

"గిరిధరూ, రొట్టె తిను. తినకపోతె మళ్ల కరుస్తవు. విమలా, ఏడ్సుకో బిడ్డా. అయిపోయినంక చెప్పు. నేను గీడనే ఉంట."

మా బడి పిల్లలు ఇక్కడికి ఎట్లా వచ్చారా అని ఒక్క క్షణం నా బుర్ర తిరిగిపోయింది. తలుపు తీశాం.

గోడ వారగా ఒక గ్లాసు, ఒక చెంబు, ఒక గరిటె, రెండు ఉల్లిగడ్డలు వరసగా కూర్చున్నాయి. వాటి ముందు నాలుగేళ్ళ పిల్ల, తువ్వాలును పైటలాగా వేసుకుని. ఒక పక్క మూత పెట్టిన గిన్నెలో అన్నం, ఇంకో మూలన కుండ. ఆ పిల్ల మమ్మల్ని చూసి బెదరలేదు. నన్ను పైనుంచి కిందికి చూసి అడిగింది.

"నువ్వు సుశీలమ్మ టీచర్‌వా? నీకు కోపం జర ఎక్కువనట గద?"

"పద్మా!" అంది అనసూయక్క, జ్వరంలో కూడా సిగ్గుపడి.

ఆమెను పడుకోబెట్టి, తడిబట్ట వేసి కూర్చున్నాను. పద్మ నన్ను ఒక్కొక్కరికీ పరిచయం చేసింది. పెద్ద ఉల్లిగడ్డ గిరిధర్. వాళ్ళమ్మ రోజూ ఇంటికి పోయాక బడి ముచ్చట్లన్నీ చెప్పేదట. మా ముప్పైమంది పేర్లూ ఆ పిల్లకు నోటికొచ్చు. ఒక్కరి మొహమూ తెలియదు.

"పిల్ల ఉందని చెప్పనే లేదేమక్కా?" అన్నాను.

అనసూయక్క కళ్ళు మూసుకునే జవాబిచ్చింది.

"కమలాబాయమ్మకు చెప్పిన. ఈమెను గూడ తోల్కొస్తనంటె, నీ పిల్ల ముందర ఉంటె నువ్వు వేరేటోళ్ళ పిల్లల్ని ఏం చూస్తవన్నది. అది గూడ నిజమే గద. ముందుగాల పక్కింటామె చూస్తుండె, నెలకు ఏడు రూపాయలు ఇస్తుంటి. ఇప్పుడు ఇస్తలేను."

"ఎందుకు ఇస్తలేవు?"

ఆమె నుదుటి మీది తడిబట్ట తిప్పి వేసుకుంది. జవాబు చెప్పనక్కర్లేకపోయింది. పది రూపాయలు ఎక్కడికి పోతున్నాయో నాకంటే బాగా తెలిసినవాళ్ళెవరు?

"నువ్వెందుకు ఇచ్చినవక్కా? నిన్నెవరన్న అడిగిన్రా?"

"అడగలే. మీరు ఇస్తున్నరు గద సుశీలమ్మా. మీరు ఇస్తుంటె నేను ఇయ్యనని ఏ మొహం పెట్టుకొని అనాలె? పైసల కోసమే వచ్చిందంటరు. పైసల కోసమే వచ్చిన, అది వేరే ముచ్చట."

ఆమె కొంచెం నవ్వింది కూడా. నేను నవ్వలేకపోయాను. నాకు చాలా ఏడుపొచ్చింది. పద్మ నా మొహం చూసి, దగ్గరికి వచ్చి, "ఏడ్సుకో" అంది.

రెండో తప్పు

ఇంటికి వస్తూ దారిలోనే తెలివైన ఉపాయం ఆలోచించాననుకున్నాను. అనసూయక్క లేచి బడికి వచ్చిన రోజు, నా ఇరవైలోంచి పది కవరులో పెట్టి ఆమె సంచిలో పడేశాను. ఆమె వెంటనే కవరు తీసి నా చేతిలో పెట్టింది. ఆమెకు కోపం రావడం అదొక్కసారే చూశాను.

"నాకు మీ పైసలు ఒద్దు సుశీలమ్మా. మీ పైసలు మీరు తీస్కోండి. నలభైకి నలభై తీస్కోండి. అది చాలు నాకు."

అంతకంటే గట్టి పాఠం నాకు ఏ ట్రైనింగులోనూ ఎవరూ చెప్పలేదు. నేను దానం చేస్తే నా పేరే ఇంకా పెద్దదవుతుంది, ఆమె ఇంకా చిన్నదవుతుంది. నా జీతం నేను తీసుకుంటే ఆమె కూడా తలెత్తుకుని తన జీతం తీసుకుంటుంది. ఉన్నవాళ్ళు సరదాగా వదిలేసిన జీతం లేనివాళ్ళ మెడకు చుట్టుకుంటుందని ఆ రోజు దాకా నాకు తోచలేదు. పెద్ద చదువులు చదివినవాళ్ళకే తోచడం లేదు ఇప్పటికీ.

ఆ సాయంత్రం బాపుతో చెప్పాను, ఇక చందా ఇవ్వనని. పద్మ సంగతి కూడా చెప్పాను. ఆయన అన్నం తినడం ముగించాడు. చెయ్యి కడుక్కుని, "నా మాట చెల్లని ఇంట్ల నన్నెందుకు అడుగుతవు" అని లేచిపోయాడు. వారం రోజులు నాతో మాటల్లేవు.

కమిటీ సమావేశం ఆబిడ్స్‌లో కమలాబాయి గారి హాల్లో. కమిటీ అంటే ఆమె, ఆమె స్నేహితురాళ్ళు ముగ్గురు. చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. నేనూ అనసూయక్కా పక్కపక్కన కూర్చున్నాం. నేను గొంతు సవరించుకుని, వచ్చే నెల నుంచి ఇద్దరికీ పూర్తి జీతం కావాలన్నాను. అనసూయక్క పాప రోజూ తాళం వేసిన గదిలో ఉంటోందని, ఆ పిల్ల కూడా బడికి రావాలని అన్నాను. కమలాబాయి గారు నన్ను జాలిగా చూసింది.

"నీకేమన్న కొనుక్కోవాలెనా సుశీలా? చెప్పు, నేను కొనిస్త."

"నాకేమీ వద్దమ్మా. జీతం కావాలె."

"దేవిడీ కిరాయి ముప్పై. మీ ఇద్దరి చందాతోనే కడుతున్న. అది బంద్ జేస్తె బడి మూసుకోవాలె."

బడి ఎవరి మీద నడుస్తోందో నాకప్పుడు అర్థమైంది. గొప్పవాళ్ళ దయ మీద నడుస్తోందనుకున్నాను ఇన్నాళ్ళూ.

"పిల్లకు రూపాయి ఫీజు పెంచండి. ముప్పై వస్తయి."

"పదిమంది మానేస్తరు."

మానేస్తే ఆ నష్టం నా జీతంలో పట్టుకోండి అనబోయాను. పాత రోగం! అనసూయక్క బల్ల కింద నా తొడ మీద గట్టిగా గిల్లింది. దాంతో నా నోట్లోంచి ఇంకో మాట ఊడిపడింది.

"మీ కారు డ్రైవరు చందా ఇస్తడా అమ్మా?"

 డ్రైవరు జీతం అరవై అని నాకు తెలుసు, నాకు తెలుసని ఆమెకు తెలుసు. కమలాబాయి గారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆమె అనసూయక్క వైపు తిరిగింది.

"పిల్లను గదిల పెట్టి తాళమేస్తున్నవా? నాకెందుకు చెప్పలేదు?"

"మీరు వద్దన్నంక ఇంకేం చెప్పాలమ్మా?" అంది అనసూయక్క.

కమలాబాయి గారు చాయ్ కప్పు పక్కకు జరిపింది. చివరికి, "గింత మంచి పనికి పైసలు అడుగుడేందనుకున్న" అంది. ఆమె నిజంగానే అట్లా అనుకుంది. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు కదా, మేము రెండేళ్ళు నోరు మూసుకుని, ఆమెకు తెలియలేదని ఆమెను అనడం కూడా న్యాయం కాదు.

ఫీజు రూపాయి పెరిగింది. ఇద్దరు పిల్లలు మానేశారు, అందులో ఒకరు నెల తిరక్కుండా మళ్ళీ వచ్చారు. గిరిధర్ తండ్రి స్వయంగా వచ్చి, "గింతేనా? మావోడు ఇంట్ల గూడ కరుసుడు బంద్ జేసిండు. రెండు పెంచినా ఇస్తుంటి" అన్నాడు. ఆయన్ని ఎవరమూ అడిగి ఉండలేదు.

ఒకటో తారీఖున నలభై రూపాయలు కవరులో తెచ్చి బాపు ముందు పెట్టాను. ఆయన ముట్టుకోలేదు. షేర్వానీ గుండీలు విప్పుకుంటూ, అటు తిరిగే అడిగాడు.

"లెక్క పెట్టుకున్నవా?"

"లేదు బాపూ. ఆమె ముందర ఎట్ల లెక్కపెడ్త?"

"గాడనే లెక్క పెట్టుకోవాలె. ఇచ్చినోళ్ళ ముందరనే. నేను ఇరవై ఆరేండ్ల సంది గట్లనే తీస్కుంటున్న. అండ్ల తప్పేం లేదు."

వారం రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట అది. ఆయన నన్ను తనలాంటి నౌకరీ మనిషిగా ఒప్పుకున్నాడని అర్థమై, వంటింట్లోకి పోయి అమ్మ భుజం మీద తల పెట్టుకుని ఏడ్చాను. అమ్మకు ఏమీ అర్థం కాలేదు.

ఆ తర్వాత జీతాలు కొంచెం కొంచెంగా పెరిగాయి. హాలీ పోయి కల్దార్ వచ్చినప్పుడు కూడా నలభై అంకె నలభైగానే ఉండాలని పట్టుబట్టాం. కొత్త రాష్ట్రం వచ్చేనాటికి నాకు యాభై ఐదు. చాలా? చాలదు. ఇప్పుడు మీకిచ్చేదీ చాలదు. చాలదని పైకి అనండి, లేకపోతే చాలుతుందనుకుంటారు. పిల్లల మీద ప్రేమ ఉంటే జీతం అడగరని ఎవరైనా అంటే నమ్మకండి. నేను చూసినవాళ్ళలో పిల్లల్ని అందరికంటే ఎక్కువ ప్రేమించిన మనిషి పైసల కోసమే వచ్చింది.

పద్మ బడికి వచ్చిన రోజు

కమలాబాయి గారు ఒక్క షరతు పెట్టింది. పద్మ తల్లి గదిలో కాకుండా నా గదిలో కూర్చోవాలి. ఫీజు మాత్రం తీసుకోనంది.

ఆ పొద్దున తల్లి చెయ్యి పట్టుకుని వచ్చింది, నూనె రాసి దువ్విన రెండు జడలతో. కొత్త పిల్ల కదా, ఏడుస్తుందని సిద్ధంగా ఉన్నాను. ఏడవలేదు. ఇసుకలో ఆడింది, రొట్టె తింది, జామచెట్టు చుట్టూ పిల్లలతో పరిగెత్తింది. పక్క గదిలోంచి తల్లి పాట వినబడినప్పుడల్లా ఒక్క క్షణం ఆగి, మళ్ళీ ఆటలో పడేది. నా ప్రాణం తేలికపడింది.

ఒంటిగంటకు గంట కొట్టాం. పిల్లలందరూ కేకలేస్తూ వాకిట్లోకి పరిగెత్తారు. అనసూయక్క సంచి సర్దుకుని వచ్చి, "దా బిడ్డా, ఇంటికి పోదాం" అంది. పద్మ రెండు చేతులతో తలుపు చెక్కను పట్టుకుంది. పట్టుకుని ఏడుపు మొదలుపెట్టింది. మామూలు ఏడుపు కాదు, ఎనిమిది నెలల ఏడుపు. ఒక్కో వేలూ విడదీస్తే మళ్ళీ పట్టుకుంటోంది.

నేను వెర్రిదాన్ని. బడి అంత నచ్చిందని మురిసిపోయి, "రేపు మళ్ల వస్తవు గదమ్మా" అన్నాను. నర్సమ్మ కూడా నవ్వింది. అనసూయక్క నవ్వలేదు. సంచి కింద పెట్టి, పిల్ల పక్కన గడప మీద కూర్చుంది. ఏడవనిచ్చింది. చాలాసేపటికి ఏడుపు వెక్కిళ్ళలోకి దిగాక, తాళంచెవి తీసి ఆ చిన్న చేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

"నిన్ను లోపట పెట్టి పోతననుకుంటున్నవా? పోను. ఇవ్వాల నేను గూడ నీతోని లోపటికే వస్తున్న."